లింబాద్రి సేట్ ఇంట్ల నా రేకు డబ్బా

చాయ్ తాగుకుంట ఇనుండ్రి గని, మధ్యల నవ్వితె లేసిపోత, ముందుగాల్నే చెప్తున్న. పోయిన నెల నాందేడ్‌ల ఒక పిల్ల సంబంధం నా వల్ల ఇరిగిపోయేటిది. నేను కొట్లాట వెట్టలే, చాడీలు చెప్పలే. నా కడుపు చూపిచ్చుకుందామని దెగ్లూర్‌ల బస్సెక్కిన, గంతే!

నా కడుపు సంగతి మీకు ఎరికే గదా. దీపావళి సంది బాగలేకుండె. మొదలు మొదలు తిన్నంక ఛాతిల మంట, పుల్లటి తేన్పులు. దుకాణంల ఆడోళ్ల ముందట కొత్త చీర మడత ఇప్పి "గీ రంగు చూడుండ్రి తాయీ" అంటనే బ్రేవ్‌మని తేన్పు! ఆమె ముక్కు మీద కొంగేసుకోని పక్క దుకాణంలకు పోతుండె. ఆ తర్వాత కడుపు ఉబ్బుడు షురూ అయింది. రెండు బుక్కలు తింటె చాలు, పెండ్లి బంతిల తిన్నట్టు బిగుసుకపోతుండె. ఇగ ఆ తర్వాత... ఎట్ల చెప్పాలె... పొద్దుగాల చెంబు పట్టుకోని పోయే పని ఒక్కసారితోని ఒడవకపోతుండె. పోయచ్చి కూసుంటనో లేదో, కడుపుల మెలివెట్టి పిండినట్టు. ఉరుకుత. పోతె ఏముండది, ఇంత జిగట. లేస్తె మళ్ల పిలుపు. పైజామ నాడ కట్టుడు, ఇప్పుడు, గిదే నా యాపారం!

ఇగ ఊరంత వైద్యులే. మా అమ్మ దిష్టి అన్నది. ఎండు మిరపకాయలు తిప్పి పొయ్యిల ఏసింది. ఘాటుకు ఇంటిల్లిపాది దగ్గి దగ్గి సచ్చినం గని నా కడుపుకు ఏం కాలే. పక్క దుకాణం మార్వాడి సేట్ "పిత్త హై భాయ్, ఠండా దూద్ పీయో" అన్నడు. తాగిన. పాలు లోపటికి పోంగనే మిరుగు వానల ఉరిమినట్టు ఉరిమింది. ఇంకొకాయన నా చెయ్యి పట్టి చూసి, బొడ్డు జరిగిందన్నడు. మంచం మీద పండవెట్టి, బొడ్డు మీద చిన్న దీపం పెట్టి, దాని మీద చెంబు బోర్లిచ్చిండు. దీపం ఆరంగనే ఆ చెంబు నా పొట్టకు కరుసుకున్నది, ఊడిరాదు! నేను మంచం పట్టెలు వట్టుకుంటె, ఆయనొక దిక్కు, నా పెండ్లాం శకుంతల ఒక దిక్కు గుంజిండ్రు. బొడ్డు జాగకు అచ్చిందో లేదో దేవునికెరిక, పొట్ట మీద మాత్రం పూరీ అంత ఎర్రటి వాత అచ్చింది.

గింతదాక నవ్వులాటనే. గాని ఒకనాడు ఆ జిగటల ఎర్రటి చార కనవడ్డది.

రక్తం!

మన బజారుల తంబాకు అమ్మే పెద్దమనిషి యాదికచ్చిండు. ఆయనకు గూడ కడుపునొప్పే అన్నరు, పిత్తమే అన్నరు, సోంపు తిను తగ్గుతదన్నరు. ఆఖరికి బొంబాయి తీస్కపోతె, డాక్టర్లు కోసి చూసి, ఏం చెయ్యకుండనే మళ్ల కుట్టేసి పంపిండ్రు. ఆ పెద్ద రోగం పేరు మన దిక్కు ఎవ్వలు నోటితోని అనరు గదా, నేను గూడ అనలే. ఇంట్ల చెప్పలే. ఎవ్వలకు చెప్పలే. గని పైజామ నాడ ముడేసినంక మిగిలే కొసలు రోజురోజుకు పొడుగైతున్నయి. దుకాణంల గద్దె మీద కూసోని బట్ట థాన్లు చూసుకుంట ఒకటే ఫికర్. నేను పోతె ఈ దుకాణం ఎవలు చూస్తరు? శకుంతలకు మీటరు గజం తేడ గూడ తెల్వదు! పిల్లలు ఇంక చిన్నగున్నరు!

శకుంతలనే ఒకనాడు నా మొఖం దిక్కు చూసి, "నీ అంగీ నీది కానట్టు ఉన్నది. నాందేడ్ పోతవా, నన్నే తీస్కపొమ్మంటవా?" అన్నది. పోయిన.

అక్కడి డాక్టర్ సాబ్ మరాఠాయన, నెమ్మదస్తుడు. పండవెట్టి పొట్ట నొక్కిండు. ఎడమ దిక్కు కింద నొక్కంగనే "అమ్మో" అన్న. ఆకలైతదా, జరమొస్తదా, ఎన్నిసార్లు పోతవు, అన్ని అడిగిండు. "రక్తం పడ్తదా?" అన్నడు. నేల చూపులు చూసుకుంట "హో" అని ఒప్పుకున్న. ఆయన చేతులు కడుక్కుంట, "సకాళ్‌చీ తాజీ సండాస్ డబ్యాత్ ఘేవూన్ యా" అన్నడు. పొద్దటిది, తాజాది, డబ్బాల పట్టుకరావాల్నట! దూర్బీన్ కింద పెట్టి తపాసణి, అంటె పరీక్ష, చేస్తడట.

"రోగమేంది డాక్టర్ సాబ్?" అని అడిగిన.

"ముందుగాల తపాసణి, తర్వాత చెప్త" అన్నడు.

గా మాటతోని నేను సగం సచ్చిన. చెప్తలేడంటె పెద్దదే గదా! చిన్నదైతె అప్పుడే చెప్పకపోయెనా?

ఇగ డబ్బా తిప్పలు చూడుండ్రి. మంగళారం పొద్దుగాల మొదటి బస్సుకు పోవాలె. శకుంతలను ఒక చిన్న డబ్బా అడిగితె, వంటింటి తలుపుకు అడ్డం నిలవడ్డది. "నా పోపుల డబ్బా ముట్టుకుంటివా, నేను మా అమ్మగారింటికే!" అన్నది. దుకాణంల దేవులాడితె ఒకటి దొరికింది. దీపావళికి మనకు బట్ట పంపే యాపారి ఇచ్చిన మిఠాయి డబ్బా. రేకుది, గుండ్రంగ, మూత గట్టిగ పడ్తది, మీద నెమలి బొమ్మ. గంతకంటె ఏం గావాలె! పని కానిచ్చి, మూత బిగిచ్చిన. బస్సుల ఎవలన్న చూస్తె ఎట్ల అని, కొత్త పాప్లిన్ ముక్కల చుట్టి, జరీ దారంతోని ముడేసిన. మన చెయ్యి ఊకుంటదా, ఏండ్ల సంది కట్టే అలవాటాయె! ఆ ముడి, ఆ మడతలు... శకుంతల చూసి, "దవాఖానకు పోతున్నవా, బారసాలకు పోతున్నవా?" అన్నది.

సంచిల పెట్టుకోని బస్సెక్కిన. సంచి కింద పెడ్త అంటె ఎవలన్న తొక్కుతరని ఒళ్లె పెట్టుకోని కూసున్న. గప్పుడే ఎక్కిండు విఠల్ మామ! శకుంతలకు మేనమామ. మర్ఖేల్‌ల కిరాణా దుకాణం ఆయనది. కొత్త టోపీ, కడక్ ఇస్త్రీ అంగీ, చేతుల టెంకాయల సంచి. బస్సంత కాళీ ఉంటె, నా పక్కకే అచ్చి కూసున్నడు.

"అల్లుడా! ఏడికి?"

"నాందేడ్‌కే మామా, చిన్న పనున్నది."

"ఒళ్లె ఏంది గంత భద్రంగ?"

ఏమని చెప్పాలె! "డాక్టర్ సాబ్‌కు మామా..." అన్న.

"మిఠాయా?"

"ఆ... మిఠాయే."

ఎందుకన్ననో నాకే తెల్వదు! నోట్లకెళ్లి జారిపోయింది. మామ తలకాయ ఊపిండు. "మంచి పని చేసినవు. డాక్టర్లకు గిట్ల తినవెడ్తనే మంచిగ చూస్తరు." ఒంగి సంచి వాసన గూడ చూసిండు! "పక్కా నెయ్యిదే అల్లుడా" అన్నడు. నేను కిటికిల మొఖం పెట్టి కూసున్న.

మామ గూడ తన ఫికర్‌లనే ఉన్నడు. ఆయన బిడ్డ సుశీలకు నాందేడ్ ఇత్వారా బజారుల ధాన్యం యాపారం చేసే లింబాద్రి సేట్ కొడుకు సంబంధం అచ్చిందట. పిల్ల వాళ్లకు నచ్చింది. ఇయ్యాల పెద్దమనుషుల ముందట మాట పక్కా చేసుకునుడట. "ఇంతకుముందు ఇంకో సంబంధం అంత పక్కా అయినంక, వాళ్లు ఉత్తగనే వద్దన్నరు. పిల్ల వారం దినాలు గడప దాటలే. గిదన్న నిలవాలె అల్లుడా" అన్నడు. ఆయన చేతులు టెంకాయల సంచిని పిసుకుతనే ఉన్నయి.

బస్సు నర్సి ఫాటా కాడ చాయ్‌కు ఆగింది. గక్కడనే నా కడుపుల మెలివెట్టింది! కండ్లకు చీకట్లచ్చినయి. "మామా, గీ సంచి జర చూడు" అని ఆయన ఒళ్లె పడేసి, హోటల్ల చెంబు గుంజుకోని జొన్న చేన్లకు ఉరికిన. కూసున్న. ఎప్పటి లెక్కనే, వచ్చినట్టుంటది, రాదు. అయిపోయిందని లేస్త, మళ్ల కూసుంట. గప్పుడే కండక్టర్ ఘంటి టింగ్ టింగ్‌మని ఇనవడ్డది!

"ఆగుండ్రీ! థాంబా! రుకో!" నాకొచ్చిన భాషలన్నిట్ల మొత్తుకున్న. ఒక చేతుల చెంబు, ఒక చేతుల నాడ. నడుమ నాడ ముడి చిక్కువడ్డది. మామ కిటికిల నుంచి చెయ్యి ఊపుతున్నడు, ఏదో అరుస్తున్నడు. నేను రోడ్డు మీదికి అచ్చేవరకు ధూళి మిగిలింది.

హోటలాయన నా చేతులకెళ్లి చెంబు గుంజుకుండు. నేను నడి రోడ్డు మీద నిలవడి ఆలోచిస్తున్న. మామ ఆ సంచి పట్టుకోని దిగుతడు. సీదా లింబాద్రి సేట్ ఇంటికి పోతడు. పెండ్లి ముచ్చటకు పోయినోళ్ల చేతుల సంచి అత్తగారోళ్లు ఏం చేస్తరు? ఇప్పుతరు! గంత మంచి ముడి, గంత జరీ దారం, లోపట నెమలి బొమ్మ! అయ్యో దేవుడా! ఫోన్ చేద్దామంటె ట్రంక్‌కాల్ దొరికేవరకు పొద్దుగూకుతది.

పత్తి బోరాల ట్రక్కొకటి అచ్చింది. చేతులడ్డం పెట్టి ఆపిన. డ్రైవర్ సర్దార్జీ. "క్యా హువా భాయ్?" అన్నడు.

"మేరా డబ్బా బస్ మే చలా గయా!"

"సోనా హై క్యా?"

"నహీ సర్దార్జీ, ఉస్సే భీ ఖతర్నాక్!"

ఆయన నన్ను ఇంకోపారి కింది మీద చూసి, ఎక్కమన్నడు. దారిపొంటి రెండు భయాలు నా కడుపుల కుస్తీ పట్టినయి. ఒకటి పాతది, రక్తం సంగతి. ఇంకొకటి కొత్తది. ఆ టైమ్‌కు చెప్పాల్నంటె, కొత్తదే పాతదాన్ని కిందేసి కూసున్నది!

నాందేడ్‌ల దిగి తాంగ ఎక్కి, ఇత్వారాల లింబాద్రి సేట్ ఇల్లేదని అడుక్కుంట పోయిన. గడప కాడ చెప్పులు కుప్పలుండె. నేను చెప్పులు ఇడిసిన్నో లేదో గూడ యాదికి లేదు, లోపటికి ఉరికిన.

లోపట గద్దెల మీద తెల్ల టోపీల పెద్దమనుషులు కూసున్నరు. నడుమ ఇత్తడి తాంబాలం. టెంకాయలు, పోకలు, ఆకులు. వాటి నడుమ నా డబ్బా! పాప్లిన్ ఇప్పి పక్కకు పెట్టిండ్రు, నెమలి మెరుస్తున్నది. తర్వాత మామ చెప్పిండు నాకు. సంచులన్ని ఇంటామె లోపటికి తీస్కపోయి ఇప్పిందట. "అది మీది కాదమ్మా" అని ఏ ముఖంతోని అంటడు? డాక్టర్‌కు ఇంకో డబ్బా కొనిస్త తియ్యని ఊకున్నడట. ఆయన తప్పేమున్నది!

తాంబాలం ముందట లింబాద్రి సేట్ తల్లి, పండు ముసలవ్వ, డబ్బా మూతకు చెంచ పెట్టి తిప్పుతున్నది. మూత గట్టిది గదా, వస్తలేదు. "మిఠాయి గట్టిదే తెచ్చినరు గని, మూత అంతకంటె గట్టిగున్నది" అని నవ్వుతున్నది. మూత కిర్రుమన్నది.

"అవ్వా! ఇప్పకు!" అని మొత్తుకున్న.

అందరు నా దిక్కు చూసిండ్రు. చెమటలు, పత్తి పీచులు, ఊడివోతున్న నాడ. మామ లేసి నిలవడ్డడు. "అల్లుడా?"

ఏం చెప్పాలె? ఏం చెప్పాలె? నోటికి ఏదొస్తె అది అన్న. "దాంట్ల... దాంట్ల మందున్నది!"

అవ్వ చేతుల చెంచ ఖణేల్‌మని పడ్డది. లింబాద్రి సేట్ గద్దె మీదికెళ్లి లేసిండు. బక్కటి పొడుగు మనిషి, మీసాలు గుంజినట్టు నిలవడ్డయి.

"మందా? మా పిల్లగానికి మందు వెట్టిన మిఠాయి తెచ్చిండ్రా?"

అప్పుడు గని నాకు ఎలగలే నేనేమన్ననో! మందు వెట్టుడంటె మన దిక్కు ఏమనుకుంటరో తెల్వదా? అల్లున్ని గుప్పిట్ల వెట్టుకోనికి మంత్రం ఏసిన మందు! లోపట తలుపు కాడ ఆడోళ్లు గుసగుస షురూ చేసిండ్రు. మామ మొఖం జొన్న పిండి లెక్క తెల్లగైంది.

"నేను కాదు సేట్‌జీ! దేవుని తోడు! అది మా అల్లునిది, డాక్టర్ సాబ్‌కు పట్టుకచ్చిండు!"

"డాక్టర్‌కు మందు వెట్టుడెందుకు?" అన్నడు సేట్. గదీ సక్కని ప్రశ్ననే!

ఒక పెద్దమనిషి టోపీ సదురుకోని లేవవట్టిండు. సుశీల వారం దినాలు గడప దాటలేదన్న మాట నా చెవులల్ల తిరుగుతున్నది. ఇగ సిగ్గుపడితె ఆ పిల్ల బతుకు మీద పడ్తది.

"సేట్‌జీ, అది మిఠాయి కాదు. మందు కాదు. అది నాది" అన్న.

"నీదే గదా, ఎవలు కాదన్నరు?"

"నాదంటె... నా లోపటిది."

ఎవ్వలకు సమజ్ కాలే. ఒకల మొఖం ఒకలు చూసుకున్నరు. "పొద్దటిది. తాజాది. తపాసణికి" అన్న.

మొదలు అవ్వకు ఎలిగింది. కూసున్న కాడికెళ్లే ఎనుకకు జరిగింది చూడుండ్రి, గా వయసుల గంత జోరు నేనెన్నడు చూడలే! గోడకు తాకి ఆగింది. చేతులు దూరంగ పట్టుకోని, "నీళ్లు తేండ్రే! బిందెడు తేండ్రే!" అని ఒర్లింది.

భూమి పగిలి నన్ను మింగుతె బాగుండనుకున్న. లింబాద్రి సేట్ డబ్బా దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు. దగ్గరికచ్చి, నెమ్మదిగ అడిగిండు.

"జిగట పడ్తదా?"

"పడ్తది సేట్‌జీ."

"రక్తం?"

ఇంటిదానికి చెప్పలేని మాట, పరాయింట్ల అంతమంది ముందట చెప్పిన. "పడ్తది. మంటతోని, నొప్పితోని పడ్తది. పెద్ద రోగమని భయమైతున్నది. ఇంట్ల గూడ చెప్పలే." ఏడ్పచ్చింది. నిజంగనే ఏడ్చిన, అబద్ధమెందుకు! విఠల్ మామ నా భుజం మీద చెయ్యేసిండు. "పిచ్చోడా, బస్సులనే చెప్పకపోయినవు" అన్నడు.

సేట్ మీసాలు కిందికి దిగినయి. "నాగ్గూడ పోయినేడు గట్లనే పడ్డది" అన్నడు. "నేను గూడ ఎవ్వలకు చెప్పలే."

"ఏందీ!" తలుపెనుకకెళ్లి ఆయన భార్య గొంతు. "పోయినేడా? నాకెందుకు చెప్పలే?"

ఇగ షురూ! ఆమెకు ఆయన జవాబు చెప్పుకునుడు. టోపీ సదురుకోని లేవవోయిన పెద్దమనిషి మళ్ల కూసున్నడు, అదీ ఒక దిక్కు ఒరిగి. ఆయనకు మొలలట. కూసున్నప్పుడు సూదులు గుచ్చినట్టుంటదట. చేతులు కడుక్కోనచ్చిన అవ్వ, "మీకు ఆగది, నాకు రాదు" అని తన బాధ చెప్పింది. రాత్రి ఇసబ్‌గోల్ తాగకపోతె తెల్లారి దినమంత తలకాయ నొప్పేనట. మామకు గ్యాసు ఛాతిలకు ఎక్కి, గుండెపోటనుకోని ఒకపారి దెగ్లూర్ దవాఖానకు ఎడ్లబండిల పోయిండట! పెండ్లి ముచ్చట పక్కకు పోయింది. గంత ఖుల్లా మాట్లాడుకున్న ఇయ్యంకులను నేనైతె చూడలే.

సేట్ సొంతంగ నన్ను తాంగల ఎక్కిచ్చుకోని దవాఖానకు తీస్కపోయిండు. డాక్టర్ సాబ్ డబ్బా దిక్కు చూసి, ఎప్పటిదని అడిగి, తలకాయ అడ్డం ఊపిండు. "హే శిళం ఝాలం" అన్నడు. పాశిపోయిందట! మళ్ల తాజాది కావాల్నట. గింత లొల్లి చేసి తెచ్చింది ఒట్టిదాయె!

ఇంకో తమాష. అప్పటిదాక ఉరికిచ్చి ఉరికిచ్చి చంపిన కడుపు, భయంతోని తాళమేసుకున్నది! చుక్క రాదు. సేట్ నన్ను, మామను ఇంటికి పోనియ్యలే, తన ఇంట్లనే ఉంచుకుండు. తెల్లారి ఇల్లంత నా కోసమే కాచుకోని కూసున్నది. అవ్వ గోరెచ్చటి నీళ్లు తాపిచ్చింది. సేట్ ఉడుకుడుకు చాయ్ తాపిచ్చిండు. నేను సండాస్‌ల కూసుంటె, బయటకెళ్లి అవ్వ, "ఏమైంది కొడుకా?"

"ఏం కాలే అవ్వా!"

"తొందర లేదు కొడుకా, నిమ్మళంగ కానియ్యి!"

గిట్ల అడుగుతె ఎవనికొస్తది చెప్పుండ్రి! ఆఖరికి అవ్వను మామ ముచ్చట్లల్ల పెట్టి ముంగిట్లకు తీస్కపోయినంక పని అయింది. సేట్ గాజు సీస ఇచ్చిండు. నేను బయటికి రాంగనే అందరు నా మొఖం దిక్కు చూసిండ్రు. తలకాయ ఊపిన. ఇంట్ల కొడుకు పుట్టినంత సంబురం!

డాక్టర్ సాబ్ దూర్బీన్‌ల కన్ను పెట్టిండు. గా కొంచెంసేపు నా పానం నా కాడ లేదు. సేట్ నా చెయ్యి వట్టుకోని కూసున్నడు. డాక్టర్ సాబ్ తలకాయ ఎత్తి, "ఆవ్ ఆహే" అన్నడు. జిగట రోగమట, నీళ్లకెళ్లి అచ్చే ఆమీబా పురుగులట.

"మరి క్యాన్సర్?" అన్న. మొదటిపారి ఆ పేరు నోటితోని అన్న.

"ఇందుల గట్ల కనిపిస్తలేదు. గోళీలతోని తగ్గాలె. తగ్గకపోతె మళ్ల రా, ఇంకా చూద్దం" అన్నడు. "రక్తం చూసి భయపడుడు తప్పు గాదు. దాచుకోని కూసునుడు తప్పు. నీళ్లు కాంచి తాగు, చేతులు సబ్బు పెట్టి కడుగు." సేట్ దిక్కు గూడ తిరిగి, "మీది గూడ పట్టుకరాండ్రి" అన్నడు. సేట్ తలకాయ ఒంచుకుండు.

గోళీలు మింగితె నోరంత ఇనుప ముక్క చప్పరిచ్చినట్టు ఉండె. గాని ఎర్ర చార పోయింది, ఆకలచ్చింది, ఇగో, నాడ కొసలు పొట్టిగైనయి. శకుంతలకు అంత చెప్పిన. ముందుగాల ఏడ్చింది, తర్వాత తిట్టింది, తర్వాత డబ్బా ఎక్కడ పడేసినవని అడిగింది.

సంబంధం? పక్కానే! కడుపుల సంగతి గింత కూడ దాచుకోనోళ్లు మోసమేం చేస్తరని అవ్వనే అన్నదట. నిన్న విఠల్ మామ దుకాణానికచ్చి లగ్నానికి పిలిచి పోయిండు. పొయ్యేటప్పుడు గడప కాడ ఆగి, చెవుల నెమ్మదిగ చెప్పిండు. "అల్లుడా, అవ్వ నీకు ఖాస్‌గ చెప్పి పంపింది. తప్పకుండ రావాల్నట. అందరు ఆహేర్లు, కానుకలు పట్టుకోని వస్తరు గని, నువ్వు మాత్రం ఒట్టి చేతులు ఊపుకుంట రావాల్నట."

మా శకుంతలకు గది గూడ సాలలే. జేబులు లేని అంగీ కుట్టిస్తనన్నది!